పదిహేను గడులు

ఒందారోవా రేవులో ఏప్రిల్ వాన.
పడవలు దించిన నెత్తళ్ళు
ఫ్యాక్టరీ కింది అంతస్తులో తలలు పోగొట్టుకుంటున్నాయి.
పై అంతస్తులో నేను
నల్లటి తెర మీద, పచ్చటి అక్షరాల్లో,
తోకలు పోగొట్టుకున్న పేర్లు లెక్కపెడుతున్నాను.

ఈ యంత్రం నాకంటే రెండేళ్ళు పెద్దది.
దీనికి మొదట మాటలు నేర్పినవాడు ఇన్యాషియో,
ఉప్పు గుమాస్తాగా చేరి, చేత్తో పద్దులు రాసి
నలభయ్యో ఏట ప్రోగ్రాం రాయడం నేర్చినవాడు.
ఒక ఫైలు చేశాడు.
అందులో మనుషుల్లేరు, చేపల్లేరు, డబ్బు లేదు,
ఉన్నవల్లా అర్థాలు.
పేరంటే ముప్పై గడులు.
బరువంటే కిలోలు, ఐసు తీసేశాక, ఉప్పు వేయకముందు.
తేదీ అంటే పడవ రేవుకొచ్చిన రోజు,
కాగితం ఆఫీసుకొచ్చిన రోజు కాదు.
"ఏ పట్టిక కట్టినా ముందు ఇక్కడికొచ్చి అడుగు,
నీ అంతట నువ్వు చెప్పకు"
అని అన్నిటికీ పైన రాసిపెట్టాడు,
బాస్క్‌లో, అన్నీ పెద్దక్షరాలే, కసిరినట్టు.

అడిగినంత కాలం బాగానే ఉంది.

తర్వాతొక మే నెల, చేప విరగబడి వచ్చింది.
జీతాల పట్టిక శుక్రవారానికల్లా కావాలన్నారు.
బిల్బావో నుంచి వచ్చిన కుర్రాడెవరో
(పేరు తెలుసు, చెప్పను, ఇప్పుడు నాకు పై అధికారి)
అడిగే ఓపిక లేక
పేరుకి పదిహేను చాలనుకున్నాడు.

చాలు, నిజమే. చాలామందికి.

ఆపైన ఎవరూ అడగలేదు.
కొనుగోళ్ళలో బరువు ఐసుతో సహా,
పీపాల పట్టికలో ఉప్పుతో సహా,
అమ్మకాల్లో డబ్బాతో సహా.
మూడు చోట్లా దాని పేరు బరువే.
ఏటా డిసెంబరులో
రెండు టన్నులు ఎటు పోయాయని వెతుక్కునేవాళ్ళం.
ఎటూ పోలేదు. కరిగాయి.

ఇక్కడి ఇంటిపేర్లు నిజంగా ఇళ్ళ పేర్లే.
గొయికోఎచేయా అంటే పై ఇల్లు.
తండ్రి ఇల్లొకటి, తల్లి ఇల్లొకటి,
రెండిళ్ళూ మోసుకు తిరుగుతారు మనుషులు.
కోత బల్ల దగ్గర ఇద్దరు ఎదుర్నేలు:
గొయికోఎచేయా ఇతురియాగా,
గొయికోఎచేయా ఇతురాల్దే.
ఒకామె తల్లిది ఊట ఉన్న చోటు,
ఇంకొకామె తల్లిది ఊట పక్క.
వాళ్ళ లిపిలో పై ఇంటికి పది గడులు,
మధ్య ఖాళీకి ఒకటి,
మిగిలిన నాలుగింట్లో పట్టింది 'ఇతుర్'.
సగం ఊట.
చోటూ లేదు, పక్కా లేదు.

పట్టికలన్నీ ఒకటిగా కలిపిన రాత్రి
మనిషి నంబరు ఒకచోట ఆరంకెలు, ఒకచోట ఏడు,
పొసగక పేర్లతో జతచేశారు.
చేశాను. నేనే.
తెల్లారేసరికి ఇద్దరు ఎదుర్నేలు ఒక్కతే అయ్యారు.
ఇరవై ఆరేళ్ళ సర్వీసు
మూడేళ్ళ సర్వీసు కింద పడి కనబడకుండా పోయింది.

నిన్న గడులు ముప్పై చేశాను.
పదిహేను ఖాళీలొచ్చాయి,
అక్షరాలు రాలేదు.
పాత టేపులున్నాయి గాని
వాటిని చదివే పెట్టె తుక్కులోకి పోయి పదేళ్ళు.

అందుకే కాగితం, పెన్సిలు పట్టుకుని కిందికి దిగాను.
పెద్ద ఎదుర్నే కత్తి ఆపలేదు, తల ఎత్తలేదు.
"రాసుకో" అంది, చేపకో అక్షరం చొప్పున
చివరిదాకా చెప్పింది.
'ర' దగ్గర మాత్రం ఆగి, "రెండు" అంది.
చేతులు తడి, కాగితం తడి,
పెన్సిలు గీత నానలేదు.

వరుస చివర యాసీన్ చూబ్,
సెనెగల్ నుంచి వచ్చి ఎనిమిది నెలలు.
"నాకు ఒకటే ఇంటిపేరు.
రెండోది లేకపోతే మీ మెషిన్ ఒప్పుకోదన్నారు."
"మరేం రాశారు?"
"ఎక్స్."
పక్కవాళ్ళు నవ్వారు. ఆమె కూడా, కాస్త ఆలస్యంగా.

పైకొచ్చాను.
ఇన్యాషియో ఫైలు తెరిచాను.
ముప్పై మూడేళ్ళలో దాన్ని ఎవరూ తాకలేదు.
అతని కసురుకి కింద, చిన్నక్షరాల్లో,
ఒక వరుస చేర్చాను:
రెండో ఇంటిపేరు, ఉండకపోవచ్చు.
ఖాళీ అంటే ఖాళీయే, మరో అర్థం లేదు.

ఇంకా నూట తొంభై పేర్లున్నాయి.
వాన ఆగలేదు.