సవరం

కొర్లగుంటలో మిద్దె మీద రేకుల షెడ్డు.
చెంగమ్మత్త వెంట్రుకల్ని పొడవుకు పొడవు జతచేసి
సవరాలు అల్లుతోంది.
కొండ మీద ఎవరెవరో మొక్కు తీర్చుకున్న జుట్టు,
ఊరూ పేరూ లేనిది,
ఇంకా కాస్త కర్పూరం వాసన.

రేపు నాకు లా పరీక్ష. పైకే చదువుతున్నా:
మూడువందల అరవై ఎనిమిదో అధికరణం, సవరించే అధికారం.

"సవరం మీద పుస్తకాలు గూడా రాసినారా మే?"

సవరం కాదత్తా, సవరణ.
రాజ్యాంగాన్ని పార్లమెంటు ఎంతదాకా మార్చుకోవచ్చని.

"దానికింత చదువా?
జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడతాది."

మెజారిటీ ఉన్నవాళ్ళూ ఆ మాటే అన్నారు.
పదముగ్గురు జడ్జీలు నెలల తరబడి విన్నారు.
ఏడుగురు ఇటు, ఆరుగురు అటు.
వెంట్రుకవాసి.

దువ్వెన ఆగింది. "ఏమని చెప్పినారు?"

కొప్పు నీ ఇష్టం, జడ నీ ఇష్టం,
మౌలిక స్వరూపం మాత్రం...
తర్వాతి మాట పుస్తకంలో ఉంది, నోట్లోకి రాలేదు.

అత్త తన ముడి విప్పింది.
అంత లావు కొప్పులోంచి
ఎలకతోకంత సొంత జుట్టు.
"ఇది ఉండబట్టే అది నిలస్తా ఉండాది.
దీన్నే పీకేస్తే, యాడ కడతావు?"

మళ్ళీ ముడేసుకుని వీపు నావైపు తిప్పింది.
"నా ఎనక నాకు కనపడదు గదా. చూడు మే, సరిగుండాదా?"

సెల్‌ఫోన్ లైటేసి చూశాను.
ముడి ఆమెది, పువ్వు ఆమెది.
మొదలు మిగిలిందా అన్నదొక్కటే నేను చూడాల్సింది.

చూడమని నిన్నెవరు ఎన్నుకున్నారే అని
అత్త అడగలేదు.

రేపు పరీక్షలో అడుగుతారు.