రెండు పేజీలంత తెలుపు

నవంబరు చివర్లో సూర్యుడు
హామర్‌విక్ వదిలి వెళ్ళిపోతాడు.
మళ్ళీ జనవరి దాకా రాడు.
నార్వే ఉత్తరాన ఆ చిన్న రేవులో
దీన్నెవరూ విశేషంగా చెప్పుకోరు,
బస్సు టైము చెప్పినట్టు చెబుతారు.

నేను వెళ్ళింది డిసెంబరులో,
ఒక ప్రొజెక్టరుతో, ముప్ఫై మీటర్ల కేబులుతో,
చేపనూనె ట్యాంకు మీద ఒక మేకను నడిపించడానికి.

ఆ మేక ఆ ఊరిదే.
డెబ్భై ఏళ్ళ కిందట ఒక తపాలా ఉద్యోగిని
తనే రాసి, తనే బొమ్మలు గీసిన పుస్తకంలోది.
మెడకు పాలడబ్బా లాంతరు కట్టుకుని
చలికాలం సూర్యుడెక్కడ పడుకుంటాడో
చూసొస్తానని బయల్దేరిన మేక.
పళ్ళు రాని పిల్లలకూ, పళ్ళూడిన ముసలివాళ్ళకూ
అక్కడ దాని నడక కంఠతా వచ్చు.

అసలు బొమ్మలు ఎప్పుడో అగ్గిపాలయ్యాయి.
లైబ్రరీలో మిగిలింది ఒక్క ప్రతి.
గున్వోర్ దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చింది,
అప్పుడే నీళ్ళుపోసిన పసిబిడ్డను తెచ్చినట్టు.
"మరకలు తుడిచెయ్యకు," అంది. అంతే.

తుడవలేదు.
అందుకే ఆ రాత్రి
పదకొండో పేజీలోని కోకో మరక
పడవంత పెద్దదై తేలింది.
ఎవరిదో జిడ్డు బొటనవేలు
కొండ వెనక ఇంకో కొండలా లేచింది.
ఎవరో పెన్సిలుతో మేకకు మీసాలు పెట్టారు.
అవి మూడంతస్తుల ఎత్తున కనబడగానే
మంచు తొక్కుతూ నిలబడ్డ జనంలో
అరవై దాటిన ఎయిలర్ట్ ఒక్కడే
టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు.

ఇరవై రెండో పేజీ.
లాంతరులో నూనె అయిపోయింది.
ముందొక తలుపు. మేక కొమ్ముతో తట్టింది.

ఆ తర్వాతి కాగితం లేదు.
ఒక్క కాగితం చిరిగితే రెండు పేజీలు పోతాయి.
ఇరవై అయిదులో మేక అప్పటికే పొయ్యి పక్కన ఉంది,
గడ్డంలో మంచు కరుగుతోంది.
మరి తలుపు ఎవరు తీశారు?

ఏం చెయ్యాలో తెలియక
అక్కడ ఉత్త వెలుగు పెట్టాను.
రెండు పేజీలంత తెలుపు,
తుప్పుపట్టిన రేకు మీద.

"దీపస్తంభం కాపలావాడు," అన్నారెవరో చీకట్లోంచి.
"కాదు, వాడి పెళ్ళాం. వాడు నిద్రలో ఉన్నాడు."
"ఎవరూ తియ్యలేదు, గాలే తీసింది,"
అన్నాడు ఎయిలర్ట్, కాస్త తొందరగా.
తొంభై ఏళ్ళ తోర్బ్యోర్గ్ మాత్రం
చక్రాల కుర్చీలో, గొర్రెతోలు కింద,
పోయిన పేజీలు అప్పజెప్పడం మొదలుపెట్టింది.
మొదటిది సాంతం, రెండోది సగం.
సగం దగ్గర ఆగి నవ్వింది.
"ఇక్కడికి వచ్చేసరికి మా అమ్మ రోజూ నిద్రపోయేది."

అప్పుడొక పిల్ల, ఎర్ర ఉన్ని తొడుగుల చేతులు,
పేరు సిగ్ని అని తర్వాత తెలిసింది,
ప్రొజెక్టరు ముందునుంచి అడ్డంగా నడిచింది.
ట్యాంకు మీద నల్లని నీడ, కప్పుదాకా.
చెయ్యి చాచి, లేని గొళ్ళెం పైకెత్తి,
పక్కకు జరిగి నిలబడింది
లోపలికి రమ్మన్నట్టు.

నా వేలు బటను మీదే ఉంది.
నొక్కలేదు.
జనరేటరు గుర్రుపెడుతోంది. మంచు మొదలైంది.
కిందపడే ముందు ప్రతి రేణువూ
ఒక్క క్షణం పేజీ అయింది.
"దాన్ని లోపలికి రానివ్వవయ్యా, చలేస్తోంది!"
అని వెనకనుంచి ఎవరో కేకేస్తే గానీ
ఇరవై అయిదుకు తిప్పలేదు.

మర్నాడు పుస్తకం తిరిగి ఇచ్చాను.
గున్వోర్ పేజీలు లెక్కపెట్టుకుంది, అలవాటు.
ఆ కాగితం ఎవరు చింపారో
ఊళ్ళో అందరికీ తెలుసనుకుంటాను.
నాకెవరూ చెప్పలేదు.
నేనడగనూ లేదు.