సోయి

ముహర్రఖ్‌ల మా రూం కిటికీ కింద నీలి బకెట్ ఒకటి.
ఆగస్టు రాత్రి రెండుసార్లు నిండుతది.
లింబాద్రి కొత్తగ వచ్చినప్పుడు అడిగిండు,
"ఏసీకి నల్లా కనెక్షన్ యాడున్నదే?"
రూమంత నవ్వింది. నేను మెకానిక్‌ను, ఎక్కువ నవ్విన.

నల్లా లేదురా. నీళ్లు గాలిలనే ఉంటయ్,
సముద్రం లేచొచ్చి మొకానికి అంటుకుంటలేదా, గదే.
సల్లటి కాయిల్ తగిలితె సుక్కయితది.
"అంటె ఏసీ నీళ్లను పుట్టిస్తలేదు."
లేదు.
"ఏసీ లేకున్నా నీళ్లుంటయ్."
ఉంటయ్. బకెట్ల ఉండయ్.
కొంచెంసేపు సూసిండు నా దిక్కు.
"నువ్వు రెండు దిక్కుల మాట్లాడుతున్నవన్నా" అని
గా నీళ్లల్లనే బనీను నానేసిండు.

మొన్న హిద్ద్‌ల గోదాం మిద్దె మీద కంప్రెసర్ మారుస్తుంటె,
పన్నెండింటికి ఎండల పని బందు, రూలున్నది,
పదకొండుంబావుకే సోయి తప్పిండు.
పేరు వట్టి పిలిస్తె పలుకలే.
చేతిల స్పానర్ మాత్రం ఇడువలే.

దవాఖానల ఇద్రీస్ డాక్టర్, సూడాన్ ఆయన,
సగం హిందీ, సగం చేతులతోని చెప్పిండు.
తలకాయల కరెంటు గీత సూపెట్టిండు:
సాపు. మా మెట్‌పల్లి బైపాస్ గూడ గంత సాపు లేదు.
"మిషన్ పోయింది. మనిషి మిషన్ల నుంచే వస్తడు గద."

మిషన్ల సంగతి నాకు సెప్పక్కర్లేదు.
కాలిన కంప్రెసర్లు ఎన్ని దించిన్నో.
రూం ఉడుకుతది; సల్లదనం యాడికి పోయిందని
ఎవ్వడు అడగడు, ఎందుకంటె
సల్లదనమనే వస్తువే లేదు,
ఉడుకును బయటికి మోసుడే, గదొక పని.
పని ఆగితె అయిపాయె.
మరి లింబాద్రి పనా? వస్తువా?
ప్లాస్టిక్ కుర్చీల పదకొండు రాత్రులు గిదే.

పొద్దుగాల నాలుగింటికి కంపెనీ బస్సుల
నలభై తలకాయలు ఊగుతుంటయ్.
తలకాయలన్నీ వంతెన మీదనే ఉంటయ్.
సోయి మాత్రం ఒకనిది కోరుట్లల పసుపు కాంటకాడ,
థాపాది కాట్మండుల బిడ్డ బడి గేటుకాడ,
నాది అప్పు కాయితం మీద.
డాక్టరుకు గీ బస్సు సూపెట్టాలె అనుకున్న.
అనుకునుడే.

జమున వాయిస్ మెసేజ్ పెట్టింది. ఏడువలే.
"బోరు స్టార్టర్ తాళంచెవి యాడ పెట్టినవ్?
మక్క ఎండుతున్నది. నిన్నే."
ఫోను వాని చెవుకు ఆనిచ్చిన.
డెబ్బై ఒకటి ఉన్న గుండె అంకె
ఎనభై నాలుగైంది.
"మెడకాడి నరాల అలవాటు, మనసు గాదు" అన్నడు ఇద్రీస్.
చెప్పి, అంకె దిగేదాక తానూ నిలబడ్డడు.

గప్పుడు యాదికొచ్చింది.
ఎప్పుడో ఖుబ్బూస్ తినుకుంట లింబాద్రి నాతోని అన్నడు,
పసుపు ఉడకవెట్టే కడాయి కింద దాసిన,
ఇంట్ల ఎవ్వలకు ఎరుకలేదు, అని.
వాని తలకాయల సాపయిన గీత
నా తలకాయల ఇంకా వంకరగనే ఉన్నది.
జమునకు ఫోన్ చేసి చెప్పిన. దొరికింది.
"ఆయన చెప్పిండా? సోయి వచ్చిందా?"
ఆమె వెనక బోరు మోటరు చప్పుడు.
నేనేమన్ననో నాకే సోయి లేదు.

రూంకొచ్చి ఏసీ బందు పెట్టిన, పరీక్షకు.
టప్పు టప్పు ఆగింది.
నీళ్లు యాడికి పోలే.
మెడల మీద, దిండ్ల మీద, ఇనుప మంచాల కోళ్ల మీద,
చెమటనో సముద్రమో.
తిట్టుకుంట థాపా లేచి మళ్ల ఆన్ చేసిండు.
కాయిల్ సల్లవడెటందుకు టైం పడ్తది.
బకెట్ పక్కన కూసున్న.
ఇంకా పడలే.