తుప్పు పదకొండు, పన్నెండు, పదమూడు

జడ్చర్ల పాతబజార్ల మోటర్లు చుట్టే దుకాణం.
ముందట రాగితీగె, వార్నిషు వాసన,
కాలిపోయొచ్చిన ఐదు హెచ్‌పీలు రెండు.
గోనెపట్ట ఎత్తి లోపలికొస్తే మా కంపెనీ.
కంపెనీ అంటే నేను, కుర్మూర్తి,
రెండు డెక్కులు, ఒక స్టెబిలైజరు.
పేరు తుప్పు. కుర్మూర్తి పెట్టిండు.
నేను ఇంకేదో చెప్పిన, ఇప్పుడు యాదికి లేదు.

ఈ ఎండకాలం మూడు తెచ్చినం.
తలా నలభై కాపీలు.
పత్తిగింజల సంచి కోసి అట్టలు,
అంకెలకు రబ్బరు ముద్ర.

పదకొండోది బోరుబండి.
బాలానగర్ అవుతల ఒక చెలకల
రాత్రి పదిన్నర సంది తెల్లారగట్ల దాక
ఆరువందల ఇరవై అడుగులు.
మొదలు మన్ను, గొంతుల కళ్ల లెక్క.
తర్వాత రాయి. రాయి. మళ్ల రాయి.
నాలుగువందల కాడ సప్పుడు జర సన్నబడ్డది,
సుట్టూ నిలవడ్డోళ్లు ఊపిరి బిగవట్టింది సుత టేపుల పడ్డది.
నీళ్లు పడలె.
రెండో పక్క మొత్తం
బండి వెళ్లిపోయినంక దుమ్ము కిందికి దిగుడు.
ఏం ఇనవడతలేదంటరు.
వాల్యూము పెంచుండ్రి.

పన్నెండోది ట్రాన్స్‌ఫార్మరు.
నడిరాత్రి కరెంటిచ్చే కాలం నాటి టేపు,
కుర్మూర్తి బావమరిది అటుకు మీద దొరికింది.
ఒక్కటే గుయ్యి, ముప్పావుగంట.
ఇరవై ఒకటో నిమిషంల ఏడనో దూరం నుంచి
"వచ్చింది రా" అని ఒక గొంతు,
ఆ ఎంబడే చీకట్ల స్టార్టర్లు
ఒకటెనక ఒకటి టక్కు టక్కు టక్కు.
ఆ మాట కోసేద్దామన్నడు కుర్మూర్తి,
ఉంటే పాట లెక్క అయితదంట.
నేను ఒప్పలె.
మూడు దినాలు మా మధ్యల మాటల్లెవ్వు,
మోటర్లు మాత్రం చుట్టినం.

పోస్టాఫీసుల సుగుణ మేడం అడుగుతది,
ఏం క్యాసెట్లయ్యా, భజనలా?
ఔనంటే అబద్ధం.
కాదంటే ఆలస్యం.
పుణె నుంచి ఒకాయన రాసిండు
క్యాసెటు ఖరాబున్నది, గరగర తప్ప ఏం లేదు, పైసలు వాపసియ్యి.
అదే వారం ఇంకొకాయన రాసిండు
ఈసారి గరగర తక్కువైంది.

పదమూడోది పల్లికాయ మిల్లు.
అమ్ముడువోయే ముందటి దినం
జల్లెడ కింద మైకు పెట్టి తీసినం.
ఇప్పుడు ఆడ ప్లాట్లు, తెల్లరాళ్లు, వాటి మీద అంకెలు.
మా అట్టల మీద ఉన్నట్టే.

నిన్న సవారమ్మ వచ్చింది, మిక్సీ కాలిందని.
ఆ మిల్లుల పొట్టు ఎత్తి ఎత్తి
ఇరవై ఆరేండ్లకు చెవులు అక్కడనే ఇడిసిపెట్టింది.
నేను కాపీలు తీస్తున్న,
డబ్బా మోగుతున్నది.
చెయ్యానుకుంటే ఏదో తలిగినట్టు
ఆగింది.
రెండో చెయ్యి కూడ పెట్టింది.
జరసేపటికి, చెవిటోళ్లు మాట్లాడినంత గట్టిగ,
"ఎడమబాజు బెల్టు అతుకు తప్పుతున్నది.
ఇయ్యాల గూడ గ్రీజు పెట్టలేదు, బాడుకావు" అన్నది.

కుర్మూర్తి చేతుల టంకం కారి బల్ల మీద పడ్డది.
మేం వందసార్లు ఇన్నం ఆ టేపు.
మాకు అతుకు దొరకలె.

టేపు అయిపోయింది. ఆమె చెయ్యి తియ్యలె.
"అన్నానికి ఇడిసిండ్రా?" అన్నది.
నేను తలూపిన.

మిక్సీకి పైసలు తీసుకోలె.
ఒక క్యాసెటు చేతుల పెడితే
అటు తిప్పి ఇటు తిప్పి, ముద్ర మీద బొటనవేలు రుద్ది
రొండిల చెక్కుకున్నది.
ఇంట్ల టేపురికార్డు ఉన్నదా అని అడగలె మేం.
అడిగినా ఇనవడేది కాదు.

పదమూడోది
ముప్పై తొమ్మిదే ఉన్నయి.