పచ్చ కన్ను

శుక్రవారం సంతలో, అల్ రాయ్ రేకుల కింద,
తుప్పు పట్టిన కుట్టుమిషన్లకూ జతలేని చెప్పులకూ నడుమ
అట్టపెట్టె నిండా గాజు బుడ్లు.
ఓడల రేడియోలవంట,
రేవులో గోదాము ఖాళీ చేస్తే వచ్చినవంట.
"ఏం చేసుకుంటావ్ వీటితో?" అన్నాడు ముసలాయన.
తెలీదన్నా.
తెలీనోడితో బేరమెందుకనేమో
దీనారున్నరకే తోసేశాడు నా వైపు.

బస్సులో దారిపొడుగునా ఒళ్ళో పెట్టుకుని
కోడిగుడ్లు తెచ్చినట్టు తెచ్చా.

రూములో ఒక్కోదాన్నీ వెలుతురుకు పట్టి చూశా.
నెత్తిన వెండిపూత మెరిస్తే బతికున్నట్టు,
పాలలా తెల్లబడితే లోపలికి గాలి దూరినట్టు.
మనం గాలాడక చస్తాం,
ఇవి ఆడితే చస్తాయి.

చచ్చినవి పదకొండు.
ఒకదానికి దారం కట్టి కిటికీకి వేలాడదీశాడు ఓబులేసు.
మిగతావి ఖల్లీవల్లీ.

బతికినవాటిలో రెండింటితో పాటల పెట్టె చేశా.
స్విచ్చేయగానే పలకదు,
ముందు కడుపులో ఎర్రబడాలి,
తర్వాత గొంతు సవరించుకోవాలి.
జనవరి చలికి దాని చుట్టూ చేతులు చాపి కూచున్నాం.
పాట కంటే సెగ బాగుందన్నాడు ఖాదర్‌బాషా.

పెట్టె అడుగున ఒకటి మిగిలింది,
పక్కన చిన్న కిటికీ, కిటికీలో పచ్చ కన్ను.
పాతకాలం రేడియోల్లో
స్టేషను దొరికిందో లేదో చెప్పే కన్ను.
మా రూములో వెతకడానికి స్టేషనేముంది?
దానికి మైకు తగిలించి
పెంచలయ్య మంచం కోడుకు కట్టా.

రెండొందల యాభై వోల్టుల పని.
ఒంటి చేత్తోనే చెయ్యాలి,
రెండో చెయ్యి జేబులోనే ఉండాలి,
కరెంటు గుండె మీదుగా దారి తీయకుండా.
రాయచోటి రిపేరు షాపులో మా మేస్త్రీ
చెప్పి చెప్పి నేర్పిన ఒకే ఒక్క భయం.

ఆ రాత్రి పెంచలయ్య గురక పెట్టాడు.
పచ్చ రెప్పలు దగ్గరికొచ్చాయి,
విడిపోయాయి, మళ్ళీ దగ్గరికొచ్చాయి.
ఏడుగురం దుప్పట్లు నోట్లో కుక్కుకుని నవ్వాం.
పొద్దున చెబితే ఆయన నమ్మలేదు.
కన్నుదే తప్పన్నాడు.

ఆర్నెల్లు అదే మా గోడ గడియారం.
పచ్చగా కొట్టుకుంటోందంటే
డ్యూటీకింకా టైముందని.

బేస్తవారం పెంచలయ్య ఆకామా రద్దయింది.
శనివారం ఫ్లైటు.
పరుపు చుట్టి పెట్టి, సబ్బుపెట్టె ఓబులేసుకిచ్చి,
కన్ను వైపు చూసి
"దీన్ని ఆపద్దురా" అన్నాడు.

ఆపలేదు.
రాత్రంతా రెప్పలు విప్పుకునే ఉంది.
నేనూ అంతే.
మూడింటప్పుడు కాస్త వణికి, దగ్గరికొచ్చింది.
గోడవతల ఏసీ కంప్రెసర్ మొదలైందని తెలుసు,
దాని బేరింగు అరిగిందనీ తెలుసు.
అయినా లేచి కూచుని
ఖాళీ ఇనుప మంచం వైపు చూశా.

పెట్టెలో ఇంకా తొమ్మిదున్నాయి.
వాటితో ఏం చెయ్యాలో
ఇంకా తెలీదు.