తెల్లారుజాము రోగం

మధ్యాహ్నం దానికే రోగమూ లేదు.
తాళంచెవి ఇట్ల తిప్పితే అట్ల పలుకుతాది.
తెల్లారి నాలుక్కి, ముప్పై గంపలు టమాటా ఎక్కించి
పత్తికొండ మార్కెట్టుకు పోదామంటేనే
గొంతులో ఎముక ఇరికిన కుక్క మాదిరి
ఖళ్లుఖళ్లుమని దగ్గి
తెల్లపొగ ఒక బుక్క కక్కి
ఆగిపోతాది.

కర్నూల్లో ఒకాయన బ్యాటరీ మార్చినాడు.
ఇంగొకాయన సెల్ఫు మోటారు విప్పి, కాయిలు చుట్టించి
ఐదువేల ఐదొందలకు చీటీ రాసినాడు.
మర్నాడు నాలుక్కి
మా మరిదీ, హమాలీలిద్దరూ మళ్లా తోసినారు.
టమాటా రేటు మాకోసం కాసుక్కూచోదు.
ఆరు దాటితే గంప సగానికి సగం.

దేవనకొండ రోడ్డులో హుసేనప్ప షెడ్డు.
ఆయప్ప పానా ముట్టలేదు.
"పగులు తెస్తే ఏం తెలుస్తాదమ్మా?
డాక్టరు ముందర కూచుంటే జరం తగ్గినట్టుంటాది.
రాత్రికి ఈడ్నే ఇడ్సిపెట్టు.
సల్లబడనీ. ఎవురూ కదిలియ్యొద్దు."

నేను క్యాబిన్లో,
ఆయప్ప శిష్యుడు లాలప్ప కింద గోనెసంచి మీద.
మూడున్నరకు లేపినాడు.
ట్యాంకు నుంచి ఫిల్టరుకొచ్చే నల్లపైపు నడుమ
జానెడు తెల్లగొట్టం, ఆస్పత్రి సెలైనుది మాదిరి,
సాయంత్రమే తగిలించి పెట్టినాడంట.
టార్చి కొట్టి చూపించినాడు.
నిండుగా ఉన్న డీజిలు
మేము నిద్రపోయినాక ఎప్పుడో
వెనక్కి, ట్యాంకులోకి జారిపోయింది.
గొట్టం నిండా వట్టి గాలి.

"కారేది కాదు రామాంజినమ్మా ఇది.
బయటికి ఒక్క సుక్క రాదు,
అందుకే ఎవురి కంటికీ పడల్యా.
లోపలికి పీలుస్తాంది."

ఫిల్టరు నెత్తిన బోల్టు విప్పితే
దాని కింద రాగి వాషరు, పావలా బిళ్లంత,
అంచున వెంట్రుకంత గీత.
కొత్తవి రెండు, ముప్పై రూపాయలు.
చేతిపంపు బొటనవేలితో నొక్కుతా పోయినాడు.
బుడగ, బుడగ, ఇంగా బుడగ,
ఆవగింజంత బుడగ,
ఆ యానాక డీజిలొకటే, పల్చటి తేనె మాదిరి.

తిప్పితే పలికింది.
నేను కొంగుముడి విప్పబోతే వద్దన్నాడు.
"ఇప్పుడే నమ్మొద్దు. రేపు నాలుక్కి తిప్పు.
పలికితే వచ్చి ఇయ్యి."

మర్నాడు నాలుక్కి
ఎవురూ పిలవకుండానే, అలవాటు కొద్దీ,
మా మరిదీ హమాలీలిద్దరూ
వెనక డోరుకు చేతులానించి, ఊపిరి బిగబట్టి నిలబడినారు.
తాళంచెవి తిప్పినా.

బండి వాళ్ల అరచేతుల్లోంచి
అట్లే ముందుకు పోయింది.
మా మరిది బోర్లా పడబోయినాడు.