గట్టు తగాదా

పెనుగాలి రాత్రి కూలింది ఆ సికమోర్ మాను,
సరిగ్గా కంచె మీద, అడ్డంగా.
వేరు మైరిగ్ పొలంలో, కొమ్మలు ఇద్వల్ పొలంలో.
తెల్లారేసరికి ఇద్దరూ వచ్చి నిలబడ్డారు
చెరో వైపున, చెరో రంపంతో.
మోటారు తాడు మాత్రం ఎవరూ లాగలేదు.

కార్మార్థెన్ నించి వకీలు ఉత్తరాలొచ్చాయి.
పాత పటాలు తీశారు, తాతలనాటి హద్దురాళ్లు వెతికారు.
తైవీ లోయలో వాన మాత్రం
ఎవర్నీ అడక్కుండా కురిసింది
ఇటు సగం, అటు సగం,
మూడు శీతాకాలాలు.

దురదగొండి దాన్ని కప్పేసింది.
గొర్రెలు దాని చాటున ఈనాయి.
బెరడు పగుళ్లలోంచి నల్లటి వేళ్లు మొలిచాయి.
మా వేల్స్ పల్లెల్లో వాటిని శవం వేళ్లంటారు,
పిల్లల్ని ముట్టుకోనివ్వరు.

నాలుగో వసంతంలో
మైరిగ్ నా షెడ్డు ముందు ట్రాక్టర్ ఆపాడు.
"పుచ్చిపోయింది హెలెద్, పొయ్యిలోకైనా పనికిరాదు.
కావాలంటే పట్టుకుపో. ఆయనా సరేనన్నాడట."
అతనికి తెలీదు
ఈ మూడేళ్లూ చాపెల్ నించి వస్తూ వస్తూ
నేను గోటితో ఆ బెరడు గీరి చూస్తున్నానని.

కొయ్యకి ఒక గడియ ఉంటుంది.
ముందు కోస్తే వట్టి తెలుపు, చెప్పడానికేమీ ఉండదు.
ఆలస్యమైతే వేళ్ల మధ్య తడి అటుకుల్లా నలుగుతుంది.
చావు ఇంకా చేవ దాకా రాకముందు
ఎక్కడో మధ్యలో పట్టుకోవాలి.
చాలాసార్లు పట్టుకోలేకపోయాను,
షెడ్డు వెనకున్న గుట్ట చూస్తే మీకే తెలుస్తుంది.

ముక్కుకి మాస్కు కట్టుకుని, ఉలి నూరి,
తరిమెన నెమ్మదిగా తిప్పాను.
పొట్టు మోచేతుల దాకా పడింది,
పుట్టగొడుగుల వాసన, తెరవని నేలమాళిగ వాసన.
మెత్తని చోట ఉలి మునుగుతుంది,
గట్టి చోట తగిలి ఎగురుతుంది.
ఒకచోట పీచు లేచింది. తిట్టాను.
మళ్లీ నూరాను.
ఆ రోజంతా నూరడమే, కోసింది తక్కువ.

సాయంత్రానికి బయటపడ్డాయి గీతలు.
వెంట్రుకంత సన్నగా, సిరా నలుపుతో,
మా అమ్మ అప్పుల పుస్తకంలో కొట్టివేతల్లాగా.
లోపల ఒక బూజు ఇటు నించి వచ్చింది,
ఇంకొకటి అటు నించి.
ఎదురుపడిన చోట రెండూ ఆగి
నల్లగా, గట్టిగా గోడ కట్టుకున్నాయి,
దేని పాలు అది తింటూ.

తరిమెన ఆపేసి ఒక్కదాన్నే నవ్వాను.
మాస్కులో నా ఊపిరి నాకే వెచ్చగా తగిలింది.

అంచు పల్చబడేకొద్దీ
బల్బు వెలుతురు కొయ్యలోకి నానింది, పాలలో తేనె రంగు.
గీత మాత్రం ఎక్కడా మొదలవదు.
లోపలి గోడెక్కి, అంచు దాటి, వెలుపలికి దిగి,
అడుగు కింద చీకట్లో నడిచి
అటు పక్కనించి మళ్లీ లోపలికొస్తుంది.

"ఇంతకీ నా వైపేది?" అన్నాడు మైరిగ్, చూడ్డానికొచ్చి.
గిన్నె తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు.
అతని బొటనవేలు గీత వెంట వెళ్లి వెళ్లి
బయల్దేరిన చోటే ఆగింది.
"పుచ్చు కొయ్యకి ఇంత ధరా!" అని గొణిగి
నాలుగు నోట్లు బల్ల మీద పెట్టి
కోటు కింద దాచుకుని వానలోకి పోయాడు.

సెప్టెంబరులో తేనె కోసం ఇద్వల్ ఇంటికెళ్లాను.
వంటింటి కిటికీలో ఉంది అది
నిండా ఉల్లిపాయలతో,
నేను మైనం మెత్తిన చిన్న పగులు
మా వైపు తిరిగి.
కంచె ఎలా దాటిందని నేనడగలేదు.
ఆయన సీసా తూచి, మూత బిగించి,
"ఈ వాన ఇవాళ తగ్గేలా లేదు" అన్నాడు.